దిండ్లు కొనే ముందు గలీబుల లెక్క వేద్దాం

పోస్ట్ కొంచెం పెద్దగానే ఉంటది. తీరిక ఉన్నప్పుడు చదవండి, కానీ ఆదివారం షాపుకు డబ్బులు పంపే లోపు మాత్రం చదవండి. ఎందుకంటే ఇది ఆ డబ్బుల గురించే.

ఆశ్రమ పాఠశాల పిల్లల కోసం మనందరం కలిసి 18,000 రూపాయలు జమ చేసినం. ఇంటర్ చదివే తమ్ముళ్లు కూడా యాభై, వంద వేశారు. ఆ డబ్బుతో 100 దిండ్లు కొని జూన్‌లో బడి తెరవగానే ఇద్దామని పోయిన వారం పోల్ పెట్టారు. ఒక్కో దిండు 180 రూపాయలు, మీద మన గ్రూపు పేరు ప్రింటు. దాదాపు అందరూ సరే అన్నారు. నేను కూడా సరే అనే నొక్కిన. తర్వాత రాత్రి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఇప్పుడు నా ఓటు మార్చుకుంటున్న. 100 దిండ్లు వద్దు, 60 చాలు. మిగిలే డబ్బుతో ప్రతి దిండుకు లోపల ఒక జిప్పు కవరు, పైన మార్చి మార్చి వేసుకోవడానికి రెండు గలీబులు పెడదాం.

దిండ్ల మీద ఇంత పెద్ద పోస్టా అని నవ్వుకునే వాళ్లు నవ్వుకోండి. ఎందుకు రాస్తున్ననో చెప్త.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా హాస్టల్‌కు ఎవరో దాతలు వచ్చి దిండ్లు ఇచ్చారు. ఏ బడి అని అడగొద్దు, చెప్పను. అప్పటిదాకా మాకు దుప్పటి ఉంది, కింద పరుచుకునేది ఉంది, ట్రంకు పెట్టె ఉంది, దిండు మాత్రం లేదు. మడిచిన ప్యాంటో, చెయ్యో, పక్కోడి కడుపో, ఏదో ఒకటి తల కింద ఉండేది. లైన్లో నిలబెట్టి ఒక్కొక్కరి చేతికి దిండు ఇచ్చి ఫొటో తీశారు. తెల్ల గుడ్డ మీద నీలం పువ్వులు. ఆ రాత్రి ఎవరూ సరిగా పడుకోలేదు. కొందరు దిండ్లతో కొట్టుకున్నారు. ఇద్దరు ముగ్గురైతే అమ్మకు ఇవ్వాలని ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నారు. నాకు అలవాటు లేక పొద్దున్నే మెడ పట్టుకుంది. అయినా వదల్లేదు.

ఆ దిండ్లకు ఒక సంగతి ఉంది. పువ్వుల గుడ్డ నాలుగు వైపులా కుట్టేసి ఉంది. విప్పడానికి లేదు. అదే దిండు, అదే కవరు. తలకు నూనె పెట్టుకుంటం, నిద్రలో చొంగ కారుతది, వానకు కిటికీ లోంచి జల్లు కొడతది, పగలు దాన్ని పెట్టుకోవడానికి మంచం లేదు కాబట్టి నేల మీద మూలకు ఉంటది. దసరాకు వెళ్లి వచ్చేసరికి నీలం పువ్వులు కనపడటం మానేసినయి. మా దోస్తు ఒకడు ధైర్యం చేసి బోరు దగ్గర దిండు మొత్తం తడిపి ఉతికిండు. బట్టల సబ్బు అరిగేదాకా రుద్దిండు. ముసురు పట్టింది. నాలుగు రోజులు కంచె మీద ఆరేసినా ఆరలేదు. తడిసిన మేక వాసన వచ్చింది. వాణ్ణి ఆ పేరుతోనే పిలవడం మొదలుపెట్టినం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తది.

చలికాలానికి హాస్టల్ అంతా గజ్జి. వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ, రాత్రంతా గోకుడే. ఏఎన్‌ఎం అక్క వచ్చి మందు ఇచ్చింది. ఆ తర్వాత రోజు దిండ్లన్నీ తెమ్మని చెప్పి వంటగది వెనక కుప్ప వేయించి, కిరోసిన్ పోసి కాల్చారు. నల్లటి పొగ. మేం చుట్టూ నిలబడి చూసినం. అప్పుడు ఒక సారు పక్కనున్న ఇంకో సారుతో అన్న మాట నాకు వినపడింది. "వీళ్లకు ఏమిచ్చినా ఇంతే."

ఆ సారు చెడ్డాయన కాదు. గజ్జి మందు చిన్న పిల్లలకు తన చేత్తో రాసిన మనిషి. అందుకే ఆ మాట ఇంకా గట్టిగా గుచ్చుకుంది. చాలా రోజులు నేనూ అదే నిజం అనుకున్న. మనకు వాడటం రాదు, మనం మురికి చేస్తం అని.

ఇప్పుడు నాకు తెలిసిన సంగతి ఏందంటే, ఆ రోజు కాల్చాల్సిన పనే లేదు. గజ్జి పురుగు మనిషి ఒంటి మీద నుంచి దిగినాక మామూలుగా రెండు మూడు రోజులకు మించి బతకదు. దిండ్లను పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో వేసి, మూతి బిగించి కట్టి, వారం రోజులు ఎవరూ ముట్టకుండా పక్కన పెడితే సరిపోయేది. తలలో పేలు అయితే తల వదిలినాక ఒకటి రెండు రోజులే. పైగా గజ్జి ఎక్కువగా అంటుకునేది ఒళ్లు ఒళ్లు తగిలి. చలికి ఒకే దుప్పట్లో ముగ్గురు దూరితే అంటుకుంటది. అందుకే దురద ఉన్నోడికి ఒక్కడికే మందు రాస్తే పోదు, పక్కన పడుకునే వాళ్లందరికీ, దురద లేకపోయినా, ఒకేసారి రాయాలి. ఆ రోజే బట్టలు, దుప్పట్లు, గలీబులు వేడినీళ్లల్లో ఉతకాలి. ఇవన్నీ తెలిసిన డాక్టరును అడిగితే చెప్తారు. అప్పుడు మా తప్పల్లా కవరు విప్పలేని దిండు ఉండటం, అది ఇచ్చిన వాళ్లు దాన్ని ఎట్లా చూసుకోవాలో ఒక్క మాట చెప్పకపోవడం.

ఇంతవరకు చిన్నప్పటి ముచ్చట. ఇంకోటి ఈ మధ్యది, అందులో తప్పు పూర్తిగా నాదే.

డిగ్రీకి హైదరాబాద్ వచ్చి పుప్పాలగూడలో ఒక ప్రైవేటు హాస్టల్‌లో చేరినప్పుడు అమ్మమ్మ బూరుగు దిండు కుట్టి ఇచ్చింది. మా వైపు, అంటే చర్ల దిక్కు వాళ్లకు చెప్పే పని లేదు, మిగతా వాళ్ల కోసం చెప్తున్న. బూరుగు చెట్టు మాఘం, ఫాల్గుణంలో ఆకు రాల్చి ఎర్రగా పూస్తది. ఎండలు ముదిరినాక కాయ పగులుతది. పగిలితే దూది గాలికి పోతది కాబట్టి ముందే కాయలు దించి, ఎండబెట్టి, దూది తీసి, గంపలో వేసి కవ్వంతో చిలికినట్టు పుల్లతో తిప్పుతరు. గింజలు కిందికి రాలిపోతయి. గింజ సరిగా తీయకపోతే దిండు కోసం ఎలుకలు వస్తయి. అమ్మమ్మ పాత చీర చెంగుతో సంచి కుట్టి, దూది కూరి, ఒక వైపు మాత్రం ఇంత పొడుగు పొడుగు కుట్లు వేసింది. కంటి చూపు తగ్గింది పాపం, అందుకే కుట్లు అట్లా ఉన్నయి అనుకున్న.

మా రూములో నలుగురం. మిగతా ముగ్గురూ కంపెనీల్లో పని చేసే అన్నలు. రెండో నెలలో నా పక్క మంచం అన్న ఒక రోజు తన మంచాన్ని కిటికీ వైపుకు జరుపుకున్నడు. ఏమీ అనలేదు. నేను మాత్రం దాన్ని వేరే లెక్కలో తీసుకున్న. మనం ఎట్లా తీసుకుంటమో మీకు చెప్పాల్సిన పని లేదు. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఐదో రోజు ఎందుకో నా దిండును ముఖానికి ఆనించుకుని వాసన చూసిన. ఆముదం, చెమట, పాత నూనె డబ్బా వాసన. నాకే కడుపులో తిప్పింది. రోజూ దాని మీదే పడుకుంటున్న కాబట్టి నా ముక్కుకు తెలియలేదు.

అదే రోజు బకెట్లో సర్ఫ్ కలిపి దిండు ముంచిన. మునగలేదు. పైకి తేలింది. మళ్లీ నొక్కితే మళ్లీ తేలింది. బూరుగు దూది పోగు లోపల బోలుగా ఉంటది, గాలి నిండి ఉంటది, మీద మైనం లాంటి పొర ఉంటది. అందుకే పాతకాలంలో ఓడల్లో ప్రాణాలు కాపాడే జాకెట్లలో ఈ జాతి దూదే కూరేవాళ్లట. నాకు అప్పుడు ఇవేవీ తెలియవు. బకెట్లోకి దిగి కాళ్లతో తొక్కిన. డాబా మీద ఆరేసిన. ఆగస్టు నెల. పైన గుడ్డ ఆరింది, ముట్టుకుంటే పొడిగానే ఉంది. మూడో రోజు దాని మీద పడుకుంటే చెంపకు చల్లగా తగిలింది. కుట్లు కోసి చూస్తే లోపల దూది ముద్దలు ముద్దలుగా, నల్ల చుక్కలతో ఉంది. బూజు.

అమ్మమ్మకు ఫోన్ చేస్తే ముందు తిట్టింది. "దూదిని ఎవరన్నా నీళ్లల్లో ముంచుతారా బిడ్డా? గుడ్డ విప్పి గుడ్డ ఉతకాలె. దూదిని ఎండకు పెట్టాలె." ఎట్లా విప్పాలి అన్న. "అందుకే గదా ఆ దిక్కు పెద్ద కుట్లేసిన" అన్నది.

ఆమె చూపు తగ్గి వేసిన కుట్లు కావవి. ఏడాదికోసారి దారం లాగి, దూది బయటికి తీసి, చాప మీద ఎండబోసి, చేత్తో విడదీసి, ఉతికిన గుడ్డలో మళ్లీ కూరుకోవడానికి వేసిన కుట్లు. మా హాస్టల్‌కు దిండ్లు తెచ్చిన వాళ్లు మూసేసిన చోటునే ఆమె తెరిచి పెట్టింది. నేను 60 దిండ్లు, గలీబులు అంటున్నది దీన్ని చూసే.

సగం దూది పారేసిన. మిగిలిన దాంతో చిన్న దిండు అయింది. ఇప్పుడు అది నా నడుము కింద పెట్టుకుని చదువుకుంటున్న.

పక్క మంచం అన్నతో తర్వాత మాట్లాడిన. కిటికీ దగ్గర ఫోన్ సిగ్నల్ బాగుంటదని జరుపుకున్నడట. వాసన కూడా వచ్చిందట, కానీ ఎట్లా చెప్పాలో తెలియక ఊరుకున్నడట. రెండూ నిజమే అయ్యుంటయి.

ఆ తర్వాత మా హాస్టల్ ఓనర్‌తో ఒక ఒప్పందం చేసుకున్న. శని, ఆదివారాలు దుప్పట్లు, గలీబులు, దిండ్ల పని నేను చూసుకుంటే నెల అద్దెలో 1,500 తగ్గిస్తరు. మొత్తం 44 దిండ్లు. అక్కడ పని చేసే పాలమూరు అక్క నాకు పని నేర్పింది. మొదటి ఆదివారం అన్ని గలీబులూ విప్పి చూసినప్పుడు నేను చూసింది మీరు కూడా చూడాల్సింది. పెద్ద పెద్ద కంపెనీల్లో, అద్దాల బిల్డింగుల్లో పని చేసే అన్నల దిండ్లు. లోపల పసుపు, గోధుమ రంగు మరకలు, మ్యాపులు గీసినట్టు. ఒకాయన రెండేళ్లుగా ఒకే దిండు వాడుతున్నడు, దిండును ఉతకొచ్చనే సంగతే తెలియదు. ఇంకొకాయన కవరు మీద కవరు, దాని మీద కవరు తొడుగుకుంటూ పోయిండు. నిజం చెప్పనా, ఆ రోజు నాకు కొంచెం సంతోషమైంది. వీళ్లకు కూడా రాదు. వీళ్లకు ఎవరూ "వీళ్లకు ఏమిచ్చినా ఇంతే" అని పేరు పెట్టలేదు, అంతే తేడా.

ఇప్పుడు పని సంగతి. షాపుల్లో దొరికే మామూలు దిండ్లలో ఉండేది పాలిస్టర్ ఫైబర్. దీన్ని ఉతకొచ్చు. మిషన్ ఉంటే ఒక్క దిండు వేయొద్దు, రెండు కలిపి వేయాలి, లేకపోతే బరువు ఒక దిక్కే పడి మిషన్ ఎగురుతది. సర్ఫ్ తక్కువ వేయాలి. ఇక్కడ బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు ఉప్పగా ఉంటయి, నురగ రాదని ఎక్కువ వేస్తే ఆ పొడి లోపలే ఉండిపోయి తర్వాత మెడకు దురద. అందుకని నీళ్లల్లో ముందే కరిగించి పోయాలి, రెండు సార్లు ఎక్కువ జాడించాలి. మిషన్ లేకపోతే టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి కాళ్లతో మెల్లగా తొక్కాలి. బట్ట పిండినట్టు మెలిపెట్టి పిండితే ఫైబర్ ముద్దలై ఒక మూలకు పోతది. బల్ల మీద పెట్టి అరచేతులతో ఒత్తి నీళ్లు దింపాలి. నూనె మరక గట్టిగా ఉంటే కుంకుడు కాయ రసం రాసి అరగంట ఉంచండి. మనం అడవిలో ఏరి జీసీసీ డిపోలో అమ్మే కాయే, మన దిండుకు కూడా పనికొస్తది.

ఉతకడం కంటే ఆరబెట్టడమే అసలు పని. తీగ మీద వేలాడేస్తే నీళ్లు, ఫైబర్ రెండూ కిందికే దిగుతయి. పరుచుకునేలా, కింద నుంచి కూడా గాలి తగిలేలా పెట్టాలి. మా ఓనర్ దీనికోసం ఇనుప జాలీ స్టాండు కొన్నడు. పాలమూరు అక్క దాన్ని చూసి, "నులక మంచం తెచ్చుకుంటే అయిపోయేది గదా, దీనికి ఇన్ని పైసలా" అన్నది. నిజంగానే నులక మంచం అంత మంచి స్టాండు ఇంకోటి లేదు. గంటకోసారి తిరగేయాలి, చేత్తో ముద్దలు విడదీయాలి. ఎండాకాలంలో ఒక రోజు, చలికాలంలో రెండు రోజులు. ఆరిందా లేదా అని చేత్తో చూడొద్దు, మధ్యలో గట్టిగా నొక్కి చెంపకు ఆనించుకోవాలి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. పుప్పాలగూడలో మాకు ఇంకో బాధ ఏందంటే, చుట్టూ కట్టే టవర్ల దుమ్ము. తడి దిండు మీద సిమెంటు పొడి పడితే మళ్లీ మొదటికి. పలచటి పాత చీర కప్పి పెడుతం. గేటెడ్ కమ్యూనిటీల్లో పని చేసే మన అక్కలు చెప్తరు, కొన్ని చోట్ల బాల్కనీలో బట్టలు ఆరేయనీయరట. లక్షల అద్దె కట్టి దిండు ఎండకు పెట్టుకునే జాగా లేదు.

వానాకాలంలో మాత్రం దిండు ఉతకనే ఉతకొద్దు. మా దోస్తు మేక దిండు, నా బూరుగు దిండు, రెండూ వానల్లోనే పోయినయి. ఆ నాలుగు నెలలు గలీబులు ఒక్కటే ఉతకాలి, ఎండ మొహం చూపించినప్పుడల్లా దిండును బయట పెట్టి దులపాలి. మన బడి పిల్లలకైతే దసరా సెలవులు అయి వానలు ఆగినాక ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి, ఏప్రిల్‌లో ఇంటికి పోయే ముందు ఒకసారి చాలు.

స్పాంజి లాంటి మెమరీ ఫోమ్ దిండ్లు ఎవరైనా వాడుతుంటే వాటిని నీళ్లల్లో ముంచొద్దు, గట్టి ఎండకు కూడా పెట్టొద్దు. తడి గుడ్డతో తుడిచి నీడన గాలికి పెట్టాలి. పత్తి దిండు కూడా తడపకూడదు, గట్టిపడితే దూది ఏకించుకోవాలి. ఒకప్పుడు దూదేకుల వాళ్లు విల్లు భుజాన వేసుకుని ఊళ్లకు వచ్చేవాళ్లని అమ్మమ్మ చెప్తది. ఇప్పుడు మిషన్లు వచ్చినయి.

ఇదంతా శుభ్రం పిచ్చి అనుకోకండి. 2005లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు వాడిన దిండ్లు పది తీసుకుని పరీక్ష చేస్తే ఒక్కో దిండులో 4 నుంచి 16 రకాల బూజు దొరికింది. ఆరోగ్యంగా ఉన్నోళ్లకు దాంతో పెద్దగా ఏం కాదు. ఆయాసం ఉన్న పిల్లలకే బాధ. ధూళి పురుగులు కూడా అంతే, కంటికి కనపడవు, కుట్టవు, మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతుకుతయి. వాటి మలం ముక్కులోకి పోతే తుమ్ములు, ఆయాసం. 60 డిగ్రీల వేడినీళ్లకు చస్తయి. దిండు మొత్తాన్ని అంత వేడినీళ్లల్లో ముంచే ఏర్పాటు ఏ హాస్టల్‌లో ఉంటది? గలీబుకైతే ఒక గిన్నెడు మరిగే నీళ్లు చాలు.

నా వాదన అంతా ఇక్కడే ఉంది. నీళ్లు పట్టిన దిండును మూడో తరగతి పిల్ల ఎత్తలేదు. ఉతకలేదు, ఒత్తలేదు. ఎనిమిదేళ్ల పిల్ల చేతికి సరిపోయేది గలీబు. తన గౌను ఉతుక్కునేటప్పుడు దాన్ని కూడా ఉతుక్కుంటది. ఒకటి తీగ మీద ఆరుతుంటే రెండోది దిండుకు ఉంటది. ఒక్కటే ఇస్తే అది ఆరేదాకా ఒట్టి దిండు మీద పడుకోవాల్సి వస్తది, అప్పుడు ఉతకడమే మానేస్తది. అందుకే రెండు. లోపలి జిప్పు కవరు నూనె, చొంగ దిండుకు చేరకుండా ఆపుతది. దాన్ని నెలకోసారి పెద్ద పిల్లలు ఉతికితే చాలు.

లెక్క ఇది. బేగంబజార్‌లో ఒక షాపులో అడిగిన. గ్రూపు పేరు ప్రింటు, కుట్టేసిన కవరు లేకుండా ఒట్టి దిండు 150కి ఇస్తమన్నరు, 17 అంగుళాలు, 27 అంగుళాలు సైజు. జిప్పు కవరు 50. గలీబుకు కాటన్ గుడ్డ ఒక్కోదానికి 40 పడతది, కుట్టు కూలి లేకుండా. అంటే దిండుకు 280. 60 దిండ్లకు 16,800. మిగిలేది 1,200. అందులో నైలాన్ తాడు, క్లిప్పులు, పేర్లు రాయడానికి చెరగని మార్కర్లు, సెలవుల్లో దిండ్లు దాచడానికి పెద్ద ప్లాస్టిక్ సంచులు వస్తయి. గలీబుకు గుండీలు, జిప్పులు వద్దు, పిల్లలు రెండు రోజుల్లో ఊడదీస్తరు. ఒక వైపు జానెడు మడత పెట్టి లోపలికి దోపుకునేలా కుట్టాలి. కుట్టు మిషన్ ఉన్న అక్కలు ఈ గ్రూపులో కనీసం నలుగురు ఉన్నారని నాకు తెలుసు.

ప్రింటు మీద ఒక మాట. పిల్లలు తల పెట్టుకునే చోట మన గ్రూపు పేరు ఎందుకు? పిల్లల పేరు రాద్దాం. దిండ్లు కలిసిపోకుండా ఉంటయి.

పోల్ కింద ఒక అన్న బూరుగు దిండ్లే ఇద్దాం, మన అడవిది, మన వాళ్లకు నాలుగు పైసలు వస్తయి అని రాసిండు. అన్నా, నాకు కూడా మనసు అటే గుంజింది. ఇంట్లో వాడుకోవడానికి దానంత మంచిది లేదు, వేసవిలో తల వేడెక్కదు. కానీ హాస్టల్‌లో అరవై దిండ్లకు ఏటా కుట్లు విప్పి, దూది ఎండబోసి, మళ్లీ కూరేది ఎవరు? ఒక్క రాత్రి ఒక చిన్న పిల్లాడు పక్క తడిపితే ఆ దిండు అయిపోయినట్టే. నిప్పు కూడా తొందరగా అంటుకుంటది. హాస్టల్‌కు ఫైబరే మేలు. ఇంటికి బూరుగు. దూది కొనే పని వేరేగా పెట్టుకుందాం, అందులో నేను కూడా ఉంట.

ఇంకో మాట కూడా వస్తదని తెలుసు. 100 మందికి ఇస్తమని చెప్పి 60 మందికి ఇస్తే మిగతా పిల్లల మొహం ఎట్లా చూడాలి? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో కలిపి 57 మంది ఉన్నారు. వాళ్లందరికీ ఇస్తే ఒక గదిలో ఒకడికి ఉండి ఒకడికి లేకపోవడం అనేది ఉండదు. మూడు దిండ్లు చేతిలో మిగులుతయి. పెద్ద పిల్లలకు వచ్చే ఏడాది. ఆ పెద్ద పిల్లలు బాధపడతరు, నిజమే. ఏడో తరగతిలో నాకు దిండు రాకుండా మూడో తరగతి వాళ్లకు వచ్చి ఉంటే నేను కూడా ఏడ్చేవాణ్ణే. కానీ నా దిండు కాలుతుంటే చూసిన దానికంటే అది నయం.

"మనం దిండు లేకుండా పెరగలేదా" అని రాసిన పెద్దన్నకు: పెరిగినం. చెప్పుల్లేకుండా కూడా పెరిగినం.

"ఇది గవర్నమెంటు ఇవ్వాల్సింది, మనం ఎందుకు" అన్న అక్కతో నాకు పేచీ లేదు. 2024 చివర్లో హాస్టల్ డైట్ చార్జీలు 40 శాతం పెంచారు, కాస్మెటిక్ చార్జీలు కూడా పెంచారు. ఏళ్ల తరబడి విద్యార్థి సంఘాలు అడిగితేనే అది జరిగింది. పడక సామాను గురించి కూడా అట్లనే అడగాలి. ఐటీడీఏ పీవో గారికి వినతి పత్రం ఇద్దాం, రాసే పని నాకు ఇవ్వండి. కానీ అందులో "దిండ్లు" అని ఒక్క మాట రాసి ఊరుకుంటే టెండరులో కుట్టేసిన దిండే వస్తది. "విప్పి ఉతికే రెండు గలీబులతో సహా" అని రాయాలి.

దిండ్లు ఇచ్చే రోజు నేను వస్త. ఆర్డినరీ బస్సు దొరికినా సరే, రాత్రి బయలుదేరి వస్త. ఒక పాత దిండు, ఒక టబ్బు, ఒక నులక మంచం ఏర్పాటు చేయండి, పిల్లల ముందే ఉతికి చూపిస్త. ఫొటోలు ఆ తర్వాత ఎన్ని కావాలంటే అన్ని తీసుకుందాం. గలీబుల గుడ్డ ఏ రంగు అనేది అక్కలు చెప్పండి. తెలుపు మాత్రం వద్దు, నూనె మరక పోదు, పిల్లలకు చీవాట్లు పడతయి.

పోల్‌లో ఓటు మార్చుకోవాలంటే పాత ఓటు మీద ఇంకోసారి నొక్కండి, అది పోతది. తర్వాత కొత్తది నొక్కండి. ఆదివారం సాయంత్రం దాకా టైం ఉంది.